ఇంట్లో సిగార్లు దాచడానికి ఎంత హ్యుమిడార్ కావాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యుమిడార్ అంటే సిగార్లు ఎండిపోకుండా తేమను నిలిపి ఉంచే పెట్టె. అది కొనాలనుకునేవాళ్లు ముందు చూసేది ఎన్ని సిగార్లు పడతాయో చెబుతూ పెట్టె మీద ఉన్న అంకె. 25, 50, 100. నిజానికి ఆ అంకె చివర చూడాల్సింది. ఎన్ని నెలలకు సరిపడా సిగార్లు దాస్తారు, ఆ పెట్టె ఉండబోయే గది మే నెలలో ఎంత వేడెక్కుతుంది అనే రెండు విషయాలు తేలితే సైజు దానంతట అదే తేలుతుంది. కింద ఉన్న జవాబులన్నీ ఆ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా ఒక్క మాట. పొగాకు ఏ రూపంలో ఉన్నా ఆరోగ్యానికి హాని చేసేదే. ఎంత శ్రద్ధగా దాచినా అందులో మార్పు ఉండదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి అమ్మడం మన చట్టం ప్రకారం నేరం. ఇది ఇప్పటికే సిగార్ తాగే పెద్దవాళ్ల కోసం రాసింది.

పెట్టె మీద "50 సిగార్లు" అని ఉంటే నిజంగా 50 పడతాయా?

సన్నవైతే పడతాయి. ఇప్పుడు ఎక్కువమంది తాగే లావు సిగార్లైతే పడవు.

సిగార్ లావును రింగ్ గేజ్‌లో చెబుతారు. ఒక్కో రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు. కరోనా, రొబస్టో, గోర్డో అనేవి సిగార్ సైజుల పేర్లు. 42 రింగ్ కరోనా మందం సుమారు 16.7 మిల్లీమీటర్లు, 50 రింగ్ రొబస్టో దాదాపు 20, 60 రింగ్ గోర్డో దాదాపు 24. చూపుకి పెద్ద తేడా అనిపించదు కానీ, అడ్డంగా కోస్తే 60 రింగ్ సిగార్ వైశాల్యం 42 రింగ్ దానికి రెట్టింపు. పెట్టెలు తయారుచేసేవాళ్లు సామర్థ్యాన్ని చాలాసార్లు సన్నటి సిగార్ల లెక్కన, అదీ నిండా పేర్చినట్టు వేసుకుని అంకె ముద్రిస్తారు.

ఒక పెట్టె తీసుకుని లెక్కేద్దాం. లోపలి కొలతలు 25 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు, 8 లోతు అనుకోండి. రొబస్టో పొడవు 5 అంగుళాలు, అంటే 12.7 సెంటీమీటర్లు. పొడవు వైపు ఒకదాని తర్వాత ఒకటి రెండు పెడదామంటే 25.4 అవుతుంది. నాలుగు మిల్లీమీటర్లు తక్కువ పడి రెండోది పట్టదు. కాబట్టి వెడల్పు వైపు పడుకోబెట్టాలి. అలా పెడితే పొరకు 12 వస్తాయి. నాలుగు పొరలు వేస్తే మూతకు తగిలేస్తాయి, లోపలి తేమను నిలకడగా ఉంచే ప్యాకెట్‌కు చోటుండదు. మూడు పొరల దగ్గర ఆగితే 36. అదే పెట్టెలో కరోనాలైతే పొరకు 14 చొప్పున నాలుగు పొరలు, 56 హాయిగా పడతాయి. 6 అంగుళాల గోర్డోలైతే పొరకు 10, మూడు పొరలకు 30. అంటే ఒకే పెట్టె ఒకరికి 56ది, ఇంకొకరికి 30ది.

అందుకే ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు సామర్థ్యం అంకెను పక్కనబెట్టి లోపలి కొలతలు అడగండి. బయటి కొలతలు మాత్రమే ఇచ్చి ఊరుకునే అమ్మకందారు దగ్గర నేనైతే కొనను. గోడల మందం, లోపలి చెక్క పొర, మూత లోపలికి దిగే అంచు, అన్నీ కలిసి చాలా చోటు తినేస్తాయి.

మరి నాకు ఎంత కావాలో ఎలా లెక్కేసుకోవాలి?

నెలకు ఎన్ని తాగుతారు, మళ్లీ కొనడానికి ఎన్ని నెలలు పడుతుంది, ఈ రెండూ గుణించండి. దానికి "ఇవి ఇప్పుడే తాగను, కొన్నాళ్లు ఉంచుతా" అని పక్కన పెట్టేవి కలపండి. వచ్చిన మొత్తాన్ని, మీవి సన్నటి సిగార్లైతే ఒకటిన్నరతో, రొబస్టో అంతకంటే లావైతే రెండుతో హెచ్చవేయండి. పెట్టె మీద వెతకాల్సిన అంకె అది.

నెలకు రెండు తాగే మనిషి, ఏడాదికోసారి విదేశం వెళ్లొచ్చినప్పుడు తెచ్చుకుంటాడు అనుకుందాం. 24 అయ్యాయి. దాచిపెట్టేవి ఓ పది, మొత్తం 34. కరోనాలైతే 50 అని రాసి ఉన్నది చాలు. రొబస్టోలైతే 70, 75 దగ్గర చూడాలి.

ఇక్కడ చాలామంది తాగే లెక్కను ఎక్కువ చేసి చెబుతారు. వారానికి రెండు అంటారు కానీ పండగలు, ఇంట్లో పిల్లల పరీక్షలు, ఊరి ప్రయాణాలు పోగా నెలకు మూడు కూడా అవవు. కొత్త సరదాలో ఉన్నప్పుడు వేసుకున్న లెక్కను నమ్మకండి. గత ఆరు నెలల్లో నిజంగా ఎన్ని అయ్యాయో చూసుకోండి.

నా దగ్గర పది సిగార్లు కూడా ఉండవు. హ్యుమిడార్ అవసరమా?

అక్కర్లేదు. రబ్బరు అంచు, నాలుగు వైపులా క్లిప్పులు ఉండి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో ఒక తేమ ప్యాకెట్, తేమను కొలిచే ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చాలు. లీటరుకు పది పన్నెండు రొబస్టోల లెక్కన చూసుకోవచ్చు. డబ్బా కొత్తదై ఉండాలి. ఆవకాయో, కారప్పొడో పెట్టిన డబ్బాను ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు, పొగాకు ఆకు ఆ వాసన మొత్తం పీల్చుకుంటుంది.

చెక్క పెట్టె అందంగా ఉంటుంది, లోపలి స్పానిష్ సెడార్ చెక్క వాసన పట్టిస్తుంది, అది వేరే సంగతి. తేమ నిలపడంలో మాత్రం మంచి ప్లాస్టిక్ డబ్బా మామూలు చెక్క పెట్టెను సులువుగా ఓడిస్తుంది.

పెద్దది కొనుక్కుంటే పోలా? ఖాళీగా ఉంటే నష్టమేంటి?

పెట్టెలో తేమను నిలకడగా ఉంచేది ప్యాకెట్ ఒక్కటే కాదు. సిగార్లు కూడా ఆ పని చేస్తాయి. లోపలి గాలి పొడిబారితే ఆకు కొంచెం తేమ వదులుతుంది, ఎక్కువైతే పీల్చుకుంటుంది. నిండుగా ఉన్న పెట్టెలో గాలి తక్కువ, ఆకు ఎక్కువ. మూత తీసి వేసినా కాసేపట్లో మళ్లీ కుదురుకుంటుంది. వంద పట్టే పెట్టెలో పన్నెండు సిగార్లు పెడితే, మూత తీసిన ప్రతిసారీ లోపలి గాలి మొత్తం మారిపోతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఆ గాలిని మళ్లీ 65కు తెచ్చే బరువంతా ఆ పన్నెండింటి మీద, ఒక్క ప్యాకెట్ మీద పడుతుంది. ముందుగా దెబ్బతినేది సిగార్ పై ఆకు. ఒకసారి చిట్లితే అతికించేది లేదు.

"అనుకున్నదానికి రెట్టింపు కొను" అనే సలహా అమెరికన్ సిగార్ ప్రియుల్లో బాగా వినిపిస్తుంది. అక్కడ పక్క వీధిలోనే దుకాణం, నెలనెలా కొత్తవి చేరుతూ ఉంటాయి కాబట్టి ఆ సలహా చెల్లుతుంది. ఇక్కడ ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే కొత్తవి దొరికేవాళ్లకు అది నప్పదు. పైన చెప్పిన లెక్కలో చోటు ఇప్పటికే కలిసి ఉంది, దాన్ని మళ్లీ రెట్టించకండి.

పెద్దది ఇప్పటికే కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. స్పానిష్ సెడార్ పలకలు, సిగార్లు అయిపోయిన ఖాళీ చెక్క డబ్బాలు లోపల పెట్టి ఖాళీని నింపండి. అవి కూడా తేమను పట్టి ఉంచుతాయి.

తేమ ఎంత ఉండాలి? పెట్టె సైజును బట్టి ప్యాకెట్లు ఎన్ని?

పాత లెక్క 70 శాతం తేమ, 70 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 21 సెల్సియస్. ఆచరణలో 65 నుంచి 70 మధ్య ఎక్కడ నిలకడగా ఉన్నా ఇబ్బంది లేదు. నిలకడే ముఖ్యం. ఇవాళ 62, రేపు 74 అయ్యేకంటే ఎప్పుడూ 66 ఉండటం మేలు. గది వేడిగా ఉండే ఇళ్లలో 65 వైపే ఉండమని నా సలహా. వేడి, తేమ రెండూ ఎక్కువైతే బూజుకు పండగే.

బోవెడా సంస్థ ప్యాకెట్లు తేమ తక్కువైతే ఇస్తాయి, ఎక్కువైతే పీల్చుకుంటాయి. ప్రతి 25 సిగార్ల సామర్థ్యానికి ఒక 60 గ్రాముల ప్యాకెట్ అని ఆ సంస్థ చెప్పే లెక్క. లోపల ఉన్న సిగార్లను కాదు, పెట్టె సామర్థ్యాన్ని చూసి వేయాలి. వంద పట్టే పెట్టెలో ఇరవై సిగార్లే ఉన్నా నాలుగు ప్యాకెట్లు కావాలి. పెద్ద పెట్టె ఖర్చు కొన్న రోజుతో ఆగదని దీన్నిబట్టే తెలుస్తుంది, గట్టిపడిన ప్యాకెట్లను మారుస్తూనే ఉండాలి. చెక్క పెట్టె కొంత తేమ బయటికి వదులుతుంది కాబట్టి దానికి 69 లేదా 72 శాతం రకం, ప్లాస్టిక్ డబ్బాకు 65 శాతం రకం సరిపోతాయి.

పెట్టెతో పాటు వచ్చే స్పాంజ్ పరికరాన్ని వాడాలనుకుంటే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. బోరు నీళ్లు పోస్తే లవణాలు పేరుకుని స్పాంజ్ పూడుకుపోతుంది. చిన్న పెట్టెల్లో అసలు స్పాంజ్ వద్దనే అంటాను. అది తేమ ఇవ్వడమే తప్ప తీసుకోదు, వానాకాలంలో 78కి పోయినా దానికి పట్టదు.

హైగ్రోమీటర్‌ను నమ్మొచ్చా?

మూత మీద బిగించి వచ్చే ముల్లు గడియారం లాంటిదాన్ని అలంకారంగానే చూడండి. డిజిటల్‌ది తీసుకుని ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు చుక్కలుగా కలిపి, హైగ్రోమీటర్‌తో కలిపి జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. మర్నాటికి 75 చూపించాలి. 71 చూపిస్తే మీ మీటర్ నాలుగు తక్కువ చెబుతోందని గుర్తుంచుకుంటే చాలు.

మన ఎండలకు ఈ పెట్టెలు ఆగుతాయా?

కొనేముందు ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అసలు అడగాల్సింది ఇదే. చెక్క హ్యుమిడార్ తేమను మాత్రమే చూసుకుంటుంది, వేడిని ఆపలేదు. గది 36 డిగ్రీలుంటే ఒకటి రెండు గంటలు ఆలస్యంగానైనా పెట్టె లోపల కూడా 36 అవుతుంది.

వేడి వల్ల మొదటి భయం పురుగు. పొగాకు ఆకులో కంటికి కనిపించని గుడ్లు ఉండొచ్చు. గది చల్లగా ఉన్నంతకాలం అవి అలాగే పడుంటాయి, 24, 25 డిగ్రీలు దాటి నిలిస్తే పొదిగే ప్రమాదం పెరుగుతుంది. పిల్ల పురుగు సిగార్ లోపల తొలుచుకుంటూ పోతుంది, పై ఆకు మీద గుండుసూదితో గుచ్చినట్టు గుండ్రటి రంధ్రం కనపడేసరికే పక్కవాటికి కూడా పాకి ఉంటుంది. ఇది మనకు కొత్త పురుగేమీ కాదు. నిల్వ ఉంచిన పసుపు కొమ్ముల్లో, ఎండుమిర్చిలో, ధనియాల్లో పట్టే చిన్న గోధుమరంగు పెంకుపురుగే ఇది. కాబట్టి స్టోర్ రూమ్‌లో ఏడాది పసుపు, మిర్చి పక్కన హ్యుమిడార్ పెట్టడం కోరి తెచ్చుకున్న తంటా.

దీనికీ సైజుకీ సంబంధం ఉంది. రాత్రి మాత్రమే ఏసీ వేసే ఇంట్లో, పగలు 34, 35 డిగ్రీలకు పోయే గదిలో ఏళ్ల తరబడి దాచే ఆలోచన పెట్టుకోకూడదు. అలాంటి ఇంటికి రెండు మూడు నెలల సరుకు పట్టే చిన్న పెట్టె చాలు. మార్చి వచ్చేసరికి నిల్వ తగ్గించుకుని, మళ్లీ వానలు పడ్డాక నింపుకోవడం తెలివైన పద్ధతి. రోజంతా చల్లగా ఉండే గది ఉన్నవాళ్లే 75, 100 సైజుల గురించి ఆలోచించాలి.

పెట్టే చోటు కూడా చూసుకోండి. పడమటి గోడకు ఆనించకండి, సాయంత్రం దాకా ఎండ తాగిన గోడ రాత్రి పది వరకు వేడి వదులుతూనే ఉంటుంది. పై అంతస్తు స్లాబ్ కింద అటక, ఫ్రిజ్ మీద, టీవీ పక్కన, వంటింట్లో, ఇవేవీ పనికిరావు. ఇంటి మధ్యలో, ఎండ తగలని గదిలో, బీరువా కింది అర మేలు. చిన్న పెట్టె అక్కడ పడుతుంది, పెద్దది పట్టదు. కొనేముందు ఆ అర కూడా టేపుతో కొలవండి, మూత పూర్తిగా పైకి లేవడానికి చోటు కలిపి.

కొత్తగా తెచ్చినవాటిలో పురుగు ఉందేమోనని భయం. ఏం చేయాలి?

సిగార్లను గాలి పోకుండా జిప్ కవర్లో, దానిపైన ఇంకో కవర్లో వేసి ముందు ఒక రోజు ఫ్రిజ్ కింది భాగంలో, తర్వాత మూడు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు కింది భాగంలో ఉంచండి. చివరికి కవర్ విప్పకుండానే గది వేడికి రానివ్వండి. దశలు దాటేసి ఒక్కసారిగా మారిస్తే పై ఆకు పగులుతుంది. క్యూబా నుంచి వచ్చే సిగార్లను ఎగుమతికి ముందే గడ్డకట్టిస్తారు. అయినా దుకాణంలో, దారిలో ఎక్కడ ఉన్నాయో తెలియనివాటికి ఇంట్లో ఒకసారి చేయడం మంచిదే.

అయితే ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచేస్తే?

వద్దు. ఫ్రిజ్ గాలి ఎండబెడుతుంది, పైగా వాసనలు. పైన చెప్పిన అయిదు రోజుల పని వరకే, అదీ రెండు కవర్లలో.

కరెంటుతో చల్లబరిచే క్యాబినెట్ తీసుకుంటే వేడి సమస్య తీరుతుందా?

కొంత తీరుతుంది. కంప్రెసర్ లేకుండా చిప్‌తో చల్లబరిచే రకాలు గది వేడికంటే పది, పన్నెండు డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. గది 28 ఉంటే లోపల 18 హాయిగా వస్తుంది. విజయవాడలో మే నెల, గది 38 అయితే రోజంతా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, లోపల 27 దగ్గర ఆగిపోతుంది. అంటే ఏసీ లేని గదికి ఏసీ బదులు ఇది కాదు.

కంప్రెసర్ ఉన్న వైన్ ఫ్రిజ్ అయితే మన ఎండను తట్టుకుంటుంది. కానీ ఆన్ అయిన ప్రతిసారీ లోపలి తేమను లాగేస్తుంది, దాన్ని నిలపడానికి ప్యాకెట్లు ఎక్కువ వేయాలి, సిగార్లను చెక్క డబ్బాల్లోనే ఉంచాలి. ఏ రకమైనా సిగార్ క్యాబినెట్లు సాధారణంగా 150, 200 పైనుంచి మొదలవుతాయి. ఇరవై సిగార్ల కోసం ఇంత పెద్దది పెట్టడం దండగ. మీ నిల్వ నిజంగా వంద దాటి, అది ఏడాది పొడుగునా వందకు తగ్గకపోతే అప్పుడు చూడండి.

మాది వైజాగ్. గాలిలోనే కావలసినంత తేమ ఉంది. పెట్టె ఎందుకు?

తీరంలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 పైనే ఉంటుంది, నిజమే. అందుకే అక్కడ ఎండిపోవడం కంటే బూజు పట్టడం పెద్ద బెడద. బయట 80, 85 ఉన్నప్పుడు సందులున్న చెక్క పెట్టె ఆ తేమను లోపలికి పీల్చుకుంటుంది. కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరులో ఉండేవాళ్లకు కూడా ఇదే మాట. గట్టిగా మూతపడే డబ్బా, 65 రకం ప్యాకెట్, అవసరమైనంత సైజే. పై ఆకు మీద తెల్లగా, కొంచెం పచ్చగా బొచ్చులా కనిపిస్తే అది బూజే. ఆ సిగార్‌ను వెంటనే వేరుచేయండి, పెట్టెను ఆరబెట్టండి. చివర, అంటే నిప్పంటించే వైపు, లోపలి ఆకు దాకా బూజు దిగితే దాన్ని పారేయడమే.

మేం డాలస్‌లో ఉంటాం. అక్కడికీ ఇవే లెక్కలా?

ఎండాకాలం ఏసీ ఇళ్లలో వేడి సమస్య మీకు ఉండదు. శీతాకాలం హీటర్ వేసినప్పుడే ఇల్లు ఎండిపోతుంది. డాలస్ కంటే న్యూజెర్సీ, షికాగో వైపు ఇది మరీ ఎక్కువ. చెక్క పెట్టె అయితే డిసెంబర్ నుంచి వారానికోసారి మీటర్ చూడండి. దుకాణాలు దగ్గర్లోనే ఉంటాయి, నెలనెలా కొంటారు కాబట్టి మీరు ఇండియాలో ఉన్నవాళ్లకంటే ఒక సైజు పెద్దది తీసుకున్నా నిండుతుంది.

సిగార్లను అవి వచ్చిన డబ్బాతో సహా పెట్టాలా, విడిగా పేర్చాలా?

డబ్బాతో పెడితే చోటు దాదాపు రెట్టింపు కావాలి. టేబుల్ మీద పెట్టుకునే 50, 75 సైజు పెట్టెల్లో 25 సిగార్ల డబ్బా అసలు పట్టకపోవచ్చు. డబ్బాలతో దాచే అలవాటు ఉన్నవాళ్లకు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు, ఐస్‌బాక్స్‌లే నయం. చేపల వేటకు, పిక్నిక్‌లకు తీసుకెళ్లే మందపాటి ఐస్‌బాక్స్‌కు గాలి ఆడనివ్వని మూత, వేడిని కొంత ఆపే గోడలు రెండూ ఉంటాయి. చూడ్డానికి బాగోదు, పని మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది.

పైన చుట్టి వచ్చే సెలోఫేన్ కవర్ ఉంచినా తీసినా ఫర్వాలేదు, తేమ దానిగుండా వెళ్తుంది. తరచూ అటూ ఇటూ కదిలిస్తారనుకుంటే ఉంచండి.

దుకాణంలో పెట్టె చూసేటప్పుడు ఏం పరీక్షించాలి?

ఫోన్ టార్చ్ వెలిగించి లోపల పెట్టి మూత వేయండి, లైట్లు ఆర్పించి అంచుల వెంట చూడండి. వెలుతురు కారిన చోటు నుంచే తేమ కూడా కారుతుంది. ఒక పది రూపాయల నోటును మూత అంచులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారిపోతే ఆ పెట్టె వద్దు. నాలుగు వైపులా చేసి చూడండి, కీలు వైపు ఒక్కదానికే బిగుతుగా ఉండి ముందు వైపు వదులుగా ఉండేవి చాలా ఉంటాయి. మూతను కొంచెం ఎత్తి వదిలితే ఢబ్బుమని పడకుండా లోపలి గాలి మీద కూర్చున్నట్టు మెల్లగా దిగాలి.

లోపలి పొర స్పానిష్ సెడార్ అయి ఉండాలి. వేప, మహాగని కుటుంబానికి చెందిన చెట్టు ఇది. తేమకు అంతగా వంగదు, వాసన పొగాకుతో కలిసిపోతుంది. వార్నిష్ వాసన గుప్పుమంటే అది మర్నాటికి మీ సిగార్లలో ఉంటుంది.

గాజు మూతలు చూపుకి ముచ్చటే. గాజు, చెక్క కలిసే చోట లీకు ఎక్కువ, వెలుతురు పై ఆకు రంగును మారుస్తుంది. అద్దాల మేజా మీద పెట్టి వచ్చినవాళ్లకు చూపించడం మీ ఉద్దేశమైతే సరే, దాచడం ఉద్దేశమైతే చెక్క మూతే.

కొత్త పెట్టె తెచ్చి వెంటనే సిగార్లు పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఎండిన చెక్క ముందు తన దాహం తీర్చుకుంటుంది, మీ సిగార్ల తేమనే తాగుతుంది. 84 శాతం రకం ప్యాకెట్లు పెట్టి మూసి రెండు వారాలు కదపకుండా ఉంచడం సులువైన దారి. తడిగుడ్డతో లోపల తుడిచే పాత పద్ధతిలో చెక్క వంగే ప్రమాదం ఉంది. పెట్టె ఎంత పెద్దదైతే ప్యాకెట్లు అన్ని ఎక్కువ కావాలి, ఇక్కడ కూడా 25కి ఒకటి లెక్కే. ప్లాస్టిక్ డబ్బాకు ఈ తతంగం ఏమీ లేదు.

లంక పొగాకు చుట్టలు కూడా అందులోనే పెట్టొచ్చా?

వేరే పెట్టండి. గోదావరి లంకల్లో పండే పొగాకు ఘాటు చాలా ఎక్కువ, ఆ వాసన పక్కన ఉన్న మెత్తటి డొమినికన్ సిగార్‌కు పట్టిందంటే దాని రుచి పోయినట్టే. పైగా చుట్టకు 65 శాతం తేమ నప్పదు. మన పెద్దవాళ్లు దాన్ని పొడిగానే కాల్చేవారు, చెమ్మగిల్లితే లాగడం కష్టం. ఏళ్ల తరబడి నిలవ చేస్తే బాగుపడే సరుకు కూడా కాదది. రేకు డబ్బా చాలు. వనిల్లా, కాఫీ, రమ్ వంటి వాసనలు పట్టించిన సిగార్లకు కూడా వేరే డబ్బానే.

మన దగ్గర పొగాకు నేల ఇంత ఉండి మంచి సిగార్ ఎందుకు రాదని అడుగుతుంటారు. ప్రకాశం జిల్లాలో పండేదాంట్లో ఎక్కువ భాగం బ్యారన్లలో వేడి గాలితో ఆరబెట్టే వర్జీనియా పొగాకు, అది సిగరెట్లకు వెళ్తుంది. సిగార్ ఆకును నీడలో గాలికి ఆరబెట్టి, తర్వాత గుట్టలు పోసి పులియబెడతారు. పంట ఒకటే అయినా దారులు వేరు.

విదేశం నుంచి ఎన్ని తెచ్చుకోవచ్చు?

ఒక ప్రయాణికుడు సుంకం లేకుండా 25 సిగార్లు తేవచ్చు. 100 సిగరెట్లు లేదా 125 గ్రాముల పొగాకు కాకుండా, వాటికి బదులుగా. సిగార్ల డబ్బాలు కూడా ఎక్కువగా 10, 25 చొప్పున వస్తాయి. కాబట్టి మన దగ్గర చాలామంది నిల్వ 25ల్లోనే పెరుగుతుంది. కొన్నవి ఏ సైజువో గుర్తుంచుకోండి. మోంటెక్రిస్టో నంబర్ 4 లాంటి 42 రింగ్, 129 మిల్లీమీటర్లవి 25 తెస్తే చిన్న పెట్టెలో ఒదిగిపోతాయి. 178 మిల్లీమీటర్ల పొడవుండే చర్చిల్ సైజు 25 తెస్తే, పైన చెప్పిన 18 సెంటీమీటర్ల పెట్టెలో రెండే రెండు మిల్లీమీటర్లు మిగులుతాయి. తీసేటప్పుడు తల వైపు గోడకు రాసుకుని పై ఆకు ఊడుతుంది. పొడవు సిగార్లు ఇష్టమైనవాళ్లు సామర్థ్యం కంటే ముందు వెడల్పు చూడాలి.

ఒక పెద్ద పెట్టె మంచిదా, రెండు చిన్నవా?

నా ఓటు రెండు చిన్నవాటికే. ఒకటి తరచూ తెరిచేది, ఈ రెండు మూడు నెలల్లో తాగేవి అందులో. రెండోది దాచేవాటికి, నెలకోసారి మీటర్ చూడ్డానికి తప్ప మూత తీయనిది. ఒకదానిలో పురుగో, బూజో పడితే రెండోది మిగులుతుంది. రెండోది చెక్కది కావాల్సిన పని కూడా లేదు, ప్లాస్టిక్ డబ్బా చాలు.

స్నేహితుడికి బహుమతిగా ఇవ్వాలంటే?

25 సైజు చెక్క పెట్టె, ప్యాకెట్లతో సహా ఇవ్వండి. పెద్దది ఇస్తే అది నిండకపోగా, నాలుగు నెలల తర్వాత కారు తాళాలు, పెన్నులు పెట్టుకునే పెట్టె అవుతుంది. ఇచ్చేముందు రెండు వారాలు మీ దగ్గరే ఉంచి చెక్కకు తేమ పట్టించి ఇస్తే ఇంకా మంచిది.

పెద్దదానికి ఎప్పుడు మారాలి?

ప్యాకెట్ పెట్టడానికి చోటు లేక సిగార్ల మీద అదిమి మూత వేయాల్సి వస్తోందంటే, పొరలు కదపకుండా అడుగున ఉన్నదాన్ని తీయలేకపోతున్నారంటే మారే వేళైనట్టే. ఒక్కసారి ఎవరో డబ్బా ఇచ్చారని కాదు. ఆరు నెలలు వరుసగా అలాగే కిక్కిరిసి ఉంటే అప్పుడు మారండి. అప్పటిదాకా మిగిలినవాటికి క్లిప్పుల ప్లాస్టిక్ డబ్బా ఉండనే ఉంది.